ఎక్కడం వచ్చింది, మరి దిగడం?

మీలో సైకిలు తొక్కడం వచ్చినవాళ్ళు చాలామందే ఉంటారు. నేర్చుకున్న తొలిరోజులు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. వెనక ఎవరో సీటు పట్టుకుని తోస్తూ వస్తారు. నాలుగు గజాలు పోగానే వాళ్ళు చెయ్యి వదిలేస్తారు. మీకా సంగతి తెలియదు. తెలిసేసరికి మీరు తొక్కేస్తూ ఉంటారు. ఆహా, వచ్చేసింది! అంతలోనే గుండె గుభేలుమంటుంది. తొక్కడం వచ్చింది సరే, దిగడం ఎలా?

ఈ అవస్థ నేనూ పడ్డాను. గంటకింత అని అద్దెకిచ్చే పెద్దవాళ్ళ సైకిలు అది. కాళ్ళు నేలకి అందవు. మా ఊరి కోవెల చుట్టూ ఏడు ప్రదక్షిణాలు చేశాను. భక్తితో కాదు, దిగడం చేతకాక! చివరికి ఒక గడ్డివాము కనబడితే దాన్లోకి పోనిచ్చాను. మోకాలు గీరుకుంది గాని ప్రాణానికేం కాలేదు.

సైకిలుకి గడ్డివాము ఉంది. మరి విమానానికి? ఆకాశంలోకి వెళ్ళిన ప్రతి విమానమూ ఏదో ఒక క్షణాన నేలకి రాక తప్పదు. అది ఎలా వస్తుందన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న గురించే ఈ నెల నా గోల.

అభిమన్యుడి కథ

కిందటి వేసవి సెలవులకి మా మేనల్లుడు మా ఇంటికి వచ్చాడు. ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. మా ఇంట్లో ఒక ముసలి కంప్యూటరు ఉంది. దాన్లో 1998లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు విడుదల చేసిన 'కంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్' అనే ఆట ఉంది. సిమ్యులేటర్ అంటే అసలు వస్తువు ఎలా ప్రవర్తిస్తుందో అలాగే ప్రవర్తించే నకలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపా ఆకాశంలో పోరాడిన ఎనిమిది విమానాలను ఇందులో మనం నడపవచ్చు. బ్రిటన్ వాళ్ళ హరికేన్, రెండు రకాల స్పిట్‌ఫైర్లు. అమెరికా వాళ్ళ థండర్‌బోల్ట్, ముస్టాంగ్. జర్మనీ వాళ్ళ మెసర్‌ష్మిట్ 109లు రెండు రకాలు, ఫోక్ వుల్ఫ్ 190. ఈ కాలపు ఆటల పక్కన పెడితే దీని బొమ్మలు మొరటుగానే ఉంటాయి. పొలాలు ఆకుపచ్చ దుప్పటి పరిచినట్టుంటాయి. అయినా మావాడికి అది తెగ నచ్చేసింది.

మూడు రోజులు గదిలోంచి ధనధనమని తుపాకుల మోత వినపడుతూనే ఉంది. నాలుగోనాడు భోజనాల దగ్గర వాడు గొప్పగా ప్రకటించాడు. "మామయ్యా! ఇప్పటికి 31 విమానాలు కూల్చేశాను."

"భేష్! ఇంతకీ ఎన్నిసార్లు దిగావురా?" అన్నాను.

"దిగడమేమిటి మామయ్యా? శత్రువులు అయిపోగానే ఎస్కేప్ మీట నొక్కేస్తే సరి!"

ఎస్కేప్ అంటే తప్పించుకోవడం. ఆ మీటకి ఎంత తగిన పేరు పెట్టారో చూశారా! ఆ పూట నుంచీ నేను వాణ్ణి అభిమన్యుడని పిలవడం మొదలుపెట్టాను. పద్మవ్యూహంలోకి దూరడం తెలుసు, బయటికి రావడం తెలియదు మరి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ పైన మీరు ఒప్పుకున్నా సరే, దెబ్బలాడినా సరే. ఇలాంటి ఆట మీ చేతికి దొరికితే మొదటి నెల తుపాకి మీట ముట్టుకోకండి. లేవడం, తిరగడం, దిగడం ఈ మూడే చెయ్యండి. అందులోనూ దిగడం. ఇదేదో నీతిపాఠం అనుకునేరు, కాదు. ఆ ఆటలో అసలు సైన్సంతా దిగడంలోనే ఉంది. అసలు సరదా కూడా అక్కడే ఉంది.

పీపాతో మొదలు

ఈ నకలు విమానాలు ఎందుకు పుట్టాయో తెలిస్తే నా మాట మీకు కొంత నచ్చుతుంది.

1910 ప్రాంతంలో ఫ్రాన్సులో ఆంత్వానెత్ అనే రకం విమానాలుండేవి. వాటిని నడపడం కష్టం. నేర్చుకునేవాడు తప్పు చేస్తే విమానమూ పోతుంది, మనిషీ పోతాడు. అందుకని వాళ్ళొక ఉపాయం చేశారు. ఒక పీపాని సగానికి కోసి, ఒక ముక్క మీద ఇంకో ముక్క అమర్చి, పైన కుర్చీ వేశారు. శిష్యుడు దాన్లో కూచుంటాడు. ఇద్దరు ముగ్గురు మనుషులు ఆ పీపాని అటూ ఇటూ ఊపుతూ ఉంటారు. శిష్యుడు మీటలు తిప్పి దాన్ని మళ్ళీ సమంగా నిలబెట్టాలి. ఇదీ తొలి సిమ్యులేటర్లలో ఒకటి!

తరవాత అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన వచ్చాడు. ఆయన తండ్రికి ఆర్గన్లూ, వాటంతటవే వాయించుకునే పియానోలూ తయారుచేసే కార్ఖానా ఉండేది. ఆర్గన్లలో గాలితిత్తులుంటాయి కదా? ఆ తిత్తులతోనే 1929 నాటికి లింక్ ఒక పొట్టి విమానం చేశాడు. అది నేలమీదే ఉండి ముక్కు ఎత్తుతుంది, దించుతుంది, పక్కలకి వాలుతుంది. మొదట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వినోదశాలల్లో పిల్లలెక్కే బొమ్మగా కొన్నాళ్ళు గడిపింది.

1934లో అమెరికా ప్రభుత్వం టపా మోసే పనిని సైనిక విమానాలకి అప్పగించింది. చలికాలం, మంచు, చీకటి. బయట ఏమీ కనబడనప్పుడు ముళ్ళు చూసి నడపడం ఆ పైలట్లలో చాలామందికి అలవాటు లేదు. కొద్ది నెలల్లో పది మందికి పైగా వైమానికులు చనిపోయారు. అప్పుడుగాని లింక్ బొమ్మ విలువ తెలిసిరాలేదు. ఆ ఏడే సైన్యం ఆరు యంత్రాలు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి 5 లక్షల మందికి పైగా వైమానికులు ఆ యంత్రాల్లో శిక్షణ పొందారు.

అయినా ప్రమాదాలు ఆగాయా? లేదు. ఆ యుద్ధకాలంలో అమెరికా సైనిక వైమానిక దళానికి చెందినవాళ్ళు సుమారు 15 వేల మంది తమ దేశపు గడ్డమీదే విమాన ప్రమాదాల్లో పోయారు. అక్కడ శత్రువు లేడు. శత్రువు తుపాకీ లేదు. ఉన్నవల్లా గాలి, నేల, ఇంకా నేర్చుకుంటున్న రెండు చేతులు. వాళ్ళలో చాలామంది మీ అన్నయ్యల వయసువాళ్ళు.

కంప్యూటర్లు వచ్చాక బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఇంజనీరు ఈ విద్యని ఇంట్లోకి తెచ్చాడు. 1980లో ఆపిల్-2 కంప్యూటరు మీద ఆయన తయారుచేసిన విమానం ఎగిరింది. 1982లో దాన్ని మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఐ.బి.ఎం. కంప్యూటరుకి తెచ్చారు. మా మేనల్లుడు ఆడిన యుద్ధవిమానాల ఆట ఆ వంశంలోదే. అంటే పీపా నుంచి కంప్యూటరు దాకా ఈ వంశం పుట్టిందీ పెరిగిందీ ఒక్క పని కోసం: మనిషి చచ్చిపోకుండా తప్పులు చేయడానికి. ఆ వరం చేతిలో పెట్టుకుని, తప్పు చేసే చోటికి రాకముందే ఎస్కేప్ నొక్కితే ఏమనాలి చెప్పండి!

రెండు చెంబులు

సరే, దిగడంలో అంత కష్టమేముంది? ఎక్కినట్టే మెల్లిగా కిందికి రావచ్చు కదా? అని మీరడగవచ్చు.

ఒక్క క్షణం ఆలోచించండి. ఎగిరే విమానం దగ్గర రెండు చెంబులున్నాయనుకోండి. ఒక చెంబు పేరు ఎత్తు. రెండోదాని పేరు వేగం. మీ పాఠాల్లో ఎత్తువల్ల కలిగేది స్థితిజ శక్తి, వేగంవల్ల కలిగేది గతిజ శక్తి అని చదువుకున్నారు. ముక్కు కిందికి దించితే ఎత్తు చెంబులోని నీళ్ళు వేగం చెంబులోకి పోతాయి. ముక్కు పైకెత్తితే వేగం చెంబులోవి ఎత్తు చెంబులోకి వస్తాయి. నీళ్ళు అటూ ఇటూ మారడమే గాని మాయం కావు.

ఎంత నీరు ఎటు పోతుందో లెక్క కట్టి చూద్దాం. గాలి అడ్డు లేదనుకుంటే, 300 మీటర్ల ఎత్తునుంచి ఊరికే వదిలిన వస్తువు నేలని చేరేసరికి గంటకు సుమారు 276 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అంటే రన్‌వే దగ్గరికి మరీ ఎత్తుగా వచ్చి, "అయ్యో, దాటిపోతున్నానే" అని ముక్కు కిందికి గుచ్చితే ఏమవుతుంది? ఎత్తు తగ్గుతుంది. కాని ఆ నీళ్ళన్నీ వేగం చెంబులో పడతాయి. విమానం దిగదు, రన్‌వే మీదుగా దూసుకుపోతుంది. మావాడు మొదటి రోజు సరిగ్గా ఇదే చేశాడు. రన్‌వే అవతలున్న చెట్లని పలకరించాడు.

దిగడమంటే ఈ రెండు చెంబుల్నీ ఖాళీ చేయడం. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు, సరిగ్గా రన్‌వే మొదట్లో. ముందే ఖాళీ అయితే రన్‌వే చేరకుండానే పడతారు. ఆలస్యమైతే దాటిపోతారు. లేచేటప్పుడు ఇంజను నీళ్ళు పోస్తూనే ఉంటుంది, కొంచెం ఎక్కువైనా తక్కువైనా చెల్లుతుంది. దిగేటప్పుడు లెక్క సున్నాకి తేలాలి. అందుకే ఇది కష్టం.

మరి నీళ్ళు పారబోయడం ఎలా? ఇంజను తగ్గించాలి. చక్రాలు దించాలి. రెక్కల వెనక ఫ్లాపులనే రేకులుంటాయి, వాటిని దించాలి. ఇవన్నీ గాలికి అడ్డం పడి శక్తిని హరిస్తాయి. పైగా ఫ్లాపులు రెక్క పైకెత్తే బలాన్ని పెంచుతాయి కాబట్టి విమానం నిదానంగా ఎగరగలుగుతుంది.

రెక్క పట్టు తప్పితే

ఎంత నిదానంగా? ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. ముందు చిన్న ప్రయోగం చెయ్యండి. జాలీ ఉన్న టేబుల్ ఫాను ముందు మీటరు దూరంలో నిలబడండి. ఒక గట్టి అట్టముక్కని రెండు చేతులా పట్టుకుని, గాలికి ఎదురుగా అడ్డంగా పెట్టండి. ముందంచు కొద్దిగా పైకెత్తండి. అట్ట పైకి లేవాలని చూస్తుంది. ఇంకొంచెం ఎత్తండి, ఇంకా లేస్తుంది. అలా ఎత్తుకుంటూ పోతే చివరికి అది పైకి లేవడం మాని మిమ్మల్ని వెనక్కి తోస్తుంది.

విమానం రెక్కకీ ఇదే గతి. గాలికీ రెక్కకీ మధ్య కోణం మామూలు రెక్కల్లో సుమారు 15 డిగ్రీలు దాటితే, రెక్క పైభాగాన్ని అంటుకుని పారే గాలి విడిపోతుంది. పైకెత్తే బలం ఒక్కసారిగా పడిపోతుంది. వైమానికులు దీన్ని స్టాల్ అంటారు. మనం రెక్క పట్టు తప్పడం అనుకుందాం.

పైకెత్తే బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే, అదే కోణంలో, బలం నాలుగో వంతే మిగులుతుంది. అంచేత వేగం తగ్గినకొద్దీ ముక్కు ఎత్తి, కోణం పెంచి ఆ లోటు భర్తీ చేయాలి. పెంచుతూ పెంచుతూ ఆ 15 డిగ్రీల గీత దాటామా, అంతే సంగతులు. చక్రాలూ ఫ్లాపులూ దించిన తొలి రకం స్పిట్‌ఫైర్ గంటకు 65 మైళ్ళ దగ్గర, అంటే సుమారు 105 కిలోమీటర్ల దగ్గర, పట్టు తప్పుతుంది. దిగేటప్పుడు ఆ వేగానికి 1.3 రెట్లు ఉంచుకోవడం వైమానికుల పద్ధతి. 65ని 1.3తో హెచ్చవేయండి. 84.5 వస్తుంది. దాన్ని దిగవలసిన వేగంగా 85 అనుకుందాం.

ఇప్పుడొక పరీక్ష. మీరు రన్‌వేకి ఇంకా దూరంగానే ఉన్నారు. కిందికి దిగిపోతున్నారు, వేగమూ తగ్గిపోయింది. ఏం చేస్తారు? చెయ్యి దానంతటదే జాయ్‌స్టిక్కుని వెనక్కి లాగుతుంది. పైకి లేవాలి కదా మరి! కాని లాగితే కోణం పెరుగుతుంది, రెక్క పట్టు తప్పుతుంది, విమానం రాయిలా పడుతుంది. చేయవలసింది దీనికి తిరకాసు. ముక్కు కొంచెం దించి, ఇంజనుకి బలం ఇవ్వాలి. నేల దగ్గరికి వస్తుంటే నేలవైపు ముక్కు దించడం! మనసు ఒప్పుకుంటుందా? చెప్పగానే ఒప్పుకోదు. మావాడికి ఇది పుస్తకంలో చదివి వినిపించాను. "తెలుసు మామయ్యా" అన్నాడు. అని, వరసగా పదకొండుసార్లు లాగాడు, పదకొండుసార్లు పడ్డాడు. పన్నెండోసారి లాగలేదు. తెలియడం వేరు, రావడం వేరు. ఈ తేడా పదకొండు పడ్డాక తెలిసింది. నిజమైన విమానంలో ఆ పదకొండు ఎక్కడినుంచి వస్తాయి చెప్పండి?

ఎలా మొదలుపెట్టాలి?

మొదట హరికేన్ తీసుకోండి. అందమైనది కదా అని స్పిట్‌ఫైర్ దగ్గరికి పరుగెత్తకండి. స్పిట్‌ఫైర్ రెక్కలు ఒక కొసనుంచి ఇంకో కొసకి 11 మీటర్ల పైన ఉంటాయి గాని, చక్రాల మధ్య ఎడం రెండు మీటర్లు కూడా లేదు. ఇరుకు కాళ్ళ కుర్చీలాంటిది. మెసర్‌ష్మిట్ 109దీ అదే ఇబ్బంది. హరికేన్ కాళ్ళు ఎడంగా ఉంటాయి కాబట్టి కుదురుగా నిలబడుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన దేశపు వైమానిక దళం కూడా బర్మా సరిహద్దులో హరికేన్లను నడిపింది.

నేలమీద దిగేముందు గాలిలో దిగండి. 1500 మీటర్ల ఎత్తుకి వెళ్ళి, అక్కడే నేల ఉందనుకుని చక్రాలు దించి, ఫ్లాపులు దించి, వేగం తగ్గించండి. రెక్క ఎప్పుడు పట్టు తప్పుతుందో చూడండి. ముక్కు దించి సరిచేసుకోండి. ఇరవైసార్లు చెయ్యండి. కింద బోలెడు చోటుంది, భయం లేదు.

గాలికి ఎదురుగా దిగండి. ఎందుకో లెక్క చూడండి. రెక్కకి కావలసింది గాలిలో 85 మైళ్ళ వేగం. గాలి ఎదురుగా 15 మైళ్ళ వేగంతో వీస్తుంటే నేలమీద మీ వేగం 70. అదే గాలి వెనకనుంచి వీస్తుంటే 100. 70 వర్గం 4900. 100 వర్గం 10,000. అంటే వెనకగాలితో దిగితే మీరు బ్రేకులతో చంపవలసిన శక్తి రెట్టింపు పైన! గాలి అదే, విమానం అదే. దిక్కు ఒక్కటే మారింది.

రన్‌వే మొదట్లో ఒక గుర్తు ఎంచుకుని, అద్దంలోంచి దాన్నే గమనించండి. అది అద్దంలో పైకి జరుగుతూ ఉంటే మీరు ముందే పడిపోతారు. కిందికి జరుగుతూ ఉంటే దాటిపోతారు. కదలకుండా పెద్దదవుతూ ఉంటే సరిగ్గా అక్కడికే పోతున్నారు. స్టిక్కుతో వేగాన్ని, ఇంజనుతో దిగే జోరుని అదుపుచేయండి. ఈ పాత విమానాల పొడుగాటి ముక్కు ఎదర దారిని కప్పేస్తుంది. అందుకే ఆనాటి స్పిట్‌ఫైర్ పైలట్లు రన్‌వేని పక్కనుంచి చూసుకుంటూ, వంపు తిరుగుతూ వచ్చి, చివరి క్షణంలో నిటారుగా సర్దుకునేవాళ్ళు. మీరూ పక్కకి చూసే మీటలు వాడండి.

నేలకి నిలువెత్తులోకి వచ్చాక ఇంజను పూర్తిగా తగ్గించి, స్టిక్కుని మెల్లమెల్లగా వెనక్కి తీసుకోండి. విమానాన్ని నేలమీద పెట్టాలని చూడకండి. పెట్టకుండా పట్టుకుని ఉండాలని చూడండి. వేగం అయిపోయి అదే కూచుంటుంది.

అంతా వంకరగా ఉందనిపిస్తే ఇంజను పెంచి మళ్ళీ పైకి లేచి, చుట్టు తిరిగి రండి. మళ్ళీ రావడం సిగ్గు కాదు. మొండిగా దిగడమే సిగ్గు.

ఇంకొక్క షరతు. ఇలాంటి ఆటల్లో దెబ్బ తగలకుండా, పెట్రోలు అయిపోకుండా, నడపడం తేలికయ్యేలా సర్దుబాట్లుంటాయి. అవన్నీ తీసేయండి. పడితే విరిగే విమానమే మీకు చదువు చెబుతుంది.

నోటుబుక్కు మహిమ

పన్నెండోసారి తరవాత మావాడి చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చాను. దిగిన ప్రతిసారీ మూడు అంకెలు రాయమన్నాను: రన్‌వే అంచు దాటినప్పుడు వేగం ఎంత, ఎత్తు ఎంత, చివరికి ఏమైంది. ఒక నియమం కూడా పెట్టాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి. వేగం మారిస్తే ఎత్తు మార్చకూడదు. రెండూ ఒక్కసారే మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో ఎలా తెలుస్తుంది?

నాలుగు రోజుల్లో 60 వరసలు నిండాయి. ఐదోనాడు వాడు గళ్ళ కాగితం అడిగాడు. సాయంత్రానికి ఒక గ్రాఫు పట్టుకొచ్చాడు. వేగం 100 దాటినప్పుడల్లా విమానం నేలమీద తేలుతూ రన్‌వే చివరికి పోయింది. 75కి తగ్గినప్పుడల్లా దభీమని పడింది. బాగా దిగినవన్నీ 80కీ 90కీ మధ్య గుంపుగా ఉన్నాయి.

"మామయ్యా, ఆ 1.3 లెక్క నిజమే!" అన్నాడు.

నేను చెప్పినప్పుడు అది నా మాట. ఇప్పుడది వాడు కనిపెట్టిన సంగతి. ప్రయోగశాలలో చేసేది ఇదేగా? ఆ పెట్టెలో విమానం లేదు. న్యూటన్ రెండో నియమం ఉంది. బలాలు లెక్కకట్టి, విమానం ఎంత జరగాలో క్షణక్షణమూ తేలుస్తున్న కొన్ని సమీకరణాలున్నాయి. మావాడు తన వేళ్ళతో వాటిని ప్రశ్నలడిగి జవాబులు రాసుకున్నాడు.

నకలు నకలే

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే నాది ఏకపక్షం అవుతుంది. ఈ ఆటలో దిగడం వచ్చిందని నిజమైన విమానం నడిపేయగలమనుకోకండి. కుర్చీ మీ నడుముని నొక్కదు. చెవులు దిబ్బడలెయ్యవు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రాణభయం లేదు. పాత ఆటల్లో నేల నున్నగా ఉంటుంది. గడ్డిపోచలు, రాళ్ళు కనబడకపోతే నేల ఎంత కింద ఉందో కంటికి అందదు. నీళ్ళమీద దిగే విమానాల పైలట్లకీ ఇదే చిక్కు. అలల్లేని అద్దంలాంటి నీటిమీద దిగడమే వాళ్ళకి కష్టం.

నకలు ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో చెప్పే సంఘటన ఒకటుంది. 2009 జనవరి 15న న్యూయార్కు లగార్డియా విమానాశ్రయం నుంచి లేచిన ఎయిర్‌బస్ విమానానికి పక్షులు తగిలి రెండు ఇంజన్లూ బలం కోల్పోయాయి. కెప్టెన్ సలెన్‌బర్గర్ దాన్ని హడ్సన్ నదిలో దింపాడు. 155 మందీ బతికారు. వెనక్కి తిరిగి విమానాశ్రయానికే పోయి ఉండవచ్చు కదా అనే ప్రశ్న వచ్చింది. దర్యాప్తు చేసినవాళ్ళు సిమ్యులేటర్‌లో చేసి చూశారు. పక్షులు తగిలిన వెంటనే తిప్పినప్పుడు కొన్నిసార్లు విమానాశ్రయం చేరగలిగారు. కాని ఏం జరిగిందో అర్థం చేసుకుని నిర్ణయించుకోవడానికి 35 సెకన్లు కలిపి చేస్తే చేరలేకపోయారు. ఏం జరగబోతోందో ముందే తెలిసిన మనిషి నకలులో కూచున్నాడు. నిజంలో కూచున్న మనిషికి అది తెలియదు. నకలుని నమ్మండి. కాని దాన్లో ఏం లేదో కూడా అడుగుతూ నమ్మండి.

పెద్దలకి ఒక మాట

"కంప్యూటరు ఆటలు చదువుని పాడుచేస్తాయి, అందులోనూ యుద్ధం ఆటలు!" అనే అమ్మానాన్నలున్నారు. వాళ్ళ మాట పూర్తిగా కొట్టెయ్యను. కాల్చడమొక్కటే ఆడితే అది వేళ్ళకి వ్యాయామం, అంతే. పైగా ఆ విమానాల్లో నిజంగా కూచున్నవాళ్ళు కుర్రవాళ్ళు. 1940లో బ్రిటన్ మీద జరిగిన ఆకాశయుద్ధంలో ఆ ఒక్క దేశపు ఫైటర్ దళంలోనే 544 మంది వైమానికులు పోయారు. అవతలివైపు కూడా కుర్రవాళ్ళే పోయారు. వాళ్ళెవరికీ ఎస్కేప్ మీట లేదు. ఇది మరిచిపోయి ఆడేకన్నా ఆడకపోవడమే మేలు.

కాని ఆటని లాగేసుకోవడం దీనికి మందు కాదు. "ఎన్ని కూల్చావు?" అని కాక "ఎలా దిగావు?" అని అడగండి. ఒక నోటుబుక్కు చేతికివ్వండి. రోజుకో గంట చాలు. పెద్ద విమానాల పైలట్లు ఈనాటికీ సిమ్యులేటర్‌లో కూచుని ఇంజను ఆగిపోవడాలు, ఎదురుగాలులు పదేపదే సాధన చేస్తూనే ఉన్నారు. అది ఆట కాకపోతే ఇదీ ఉత్త ఆట కానక్కరలేదు.

కంప్యూటరు లేని పిల్లలు చిన్నబుచ్చుకోకండి. ఫానూ అట్టముక్కా చాలు మొదలుపెట్టడానికి. కాగితపు విమానం ముక్కుకి ఒక గుండుసూది గుచ్చి, తీసి, మళ్ళీ గుచ్చి ఎంత దూరంలో దిగుతుందో కొలిచి రాసినా అదే చదువు.

చివరికి మా అభిమన్యుడి సంగతి చెప్పనా? సెలవులు ముగిసే ముందురోజు వాడికి యుద్ధం ఆడుకోవడానికి అనుమతిచ్చాను. వెనక నిలబడి చూస్తున్నాను. ఇద్దరిని కూల్చాడు. మూడోవాడు ఎదురుగా, తేలిగ్గా దొరికేలా పోతున్నాడు. మావాడు పెట్రోలు ముల్లు చూశాడు. విమానాన్ని వెనక్కి తిప్పేశాడు.

"ఏరా, వదిలేశావేం?"

"దిగడానికి ఉంచుకోవాలి కదా మామయ్యా."

ఇంగ్లండు తీరం దాటి, వంపు తిరుగుతూ వచ్చి, 85 మైళ్ళ దగ్గర అంచు దాటాడు. చక్రాలు ఒకసారి ఎగిరిపడ్డాయి, ఆ పైన కుదురుకున్నాయి. ఇంజను ఆపి, నోటుబుక్కు తీసి రాసుకున్నాడు: "ఒక గెంతు. చివర్లో స్టిక్కు తొందరగా లాగాను."

ఎస్కేప్ మీట ముట్టుకోలేదు.